గాయకుడు పిల్లల ముంగిట

సంగీతం నేర్చినవారికి ఎదుటనున్న బాట ఒక్కటే అని సామాన్యంగా అనుకొంటారు. వర్ణంతో మొదలుపెట్టి, కృతులు పాడి, రాగం తానం పల్లవి విస్తరించి, మంగళంతో ముగించే కచేరీ బాట అది. ఆ బాట గొప్పదే. కాని దాని పక్కనే మరొక కాలిబాట ఉన్నది. అది పిల్లల ముంగిటికి పోతుంది. దానిని పట్టిన గాయకుడు కొంతదూరం నడిచేసరికి పాటలు కట్టేవాడవుతాడు. మరికొంతదూరం నడిచేసరికి కథలు చెప్పేవాడవుతాడు. ఈ మార్పు ఎట్లా వస్తుంది, అందువల్ల ఎవరికేమి మేలు కలుగుతుంది అన్న విషయాన్ని ఈ ప్రసంగంలో విచారించదలచినాము. మా చూపు విశేషించి నెల్లూరు తీరం మీద ఉన్నది. కావలి మొదలు పులికాటు సరస్సు దాకా సముద్రపుటొడ్డున వరుసగా ఉన్న పాళెములలో పెరిగే పిల్లలకు, తమ మాటలో తమ సముద్రాన్ని గురించి చెప్పే పాట కావలసి ఉన్నది. ఆ పాట కట్టగలవారు గాయకులే.

పిల్లలకోసం పాట కట్టడం చిన్నపని అని ఎవరైనా అంటే, అట్లా అనడానికి మన సంగీత చరిత్ర ఒప్పుకోదు. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, ఆపైన మలహరి రాగంలో పిళ్లారి గీతాలు: ఇవన్నీ పురందరదాసులవారు ఏర్పరచిన పాఠాలని సంప్రదాయం చెప్పుతున్నది. అంతటి వాగ్గేయకారుడు మొదటిమెట్టుమీద నిలిచిన పసివాని గొంతును తలచుకొని, దానికి అందే గీతాలు కట్టినాడు. మలహరిలో నిషాదమే లేదు. ఆరోహణలో గాంధారమూ లేదు. మెట్లు తక్కువ కాబట్టి పసిగొంతు తొట్రుపడదు. త్యాగరాజస్వామి వందలకొద్దీ కృతులు రచించి కూడా తృప్తిపడక, ప్రహ్లాద భక్తి విజయము, నౌకా చరిత్రము అనే సంగీత రూపకాలు వ్రాసినారు. నౌకా చరిత్రములో కృష్ణుడు, గోపికలు, యమునమీద పడవ, గాలివాన ఉన్నవి. అందులో చాల పాటల వరుసలు సులువైనవి. ఒక్కసారి వింటే నోటికి వస్తవి. కృతులు కట్టినచేత్తోనే ఆయన కథకు తగిన పాట కట్టినారు. విద్య తగ్గి ఆ పని చేయలేదు. కథ నడవవలెనంటే పాట తేలికగా నడవవలెనని తెలిసి చేసినారు.

గాయకుడు కథకుడు కావడం మన తెలుగువారికి కొత్త సంగతి కాదు. హరికథ అంతా ఆ సంగమమే. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు గొప్ప గాయకులు, గొప్ప కథకులు. ఆయనలో ఈ రెండు విద్యలూ విడివిడిగా లేవు. హరికథకుడు చిడతలు పట్టి నిలబడి, ఒక చరణం పాడి, చటుక్కున ఆపి, పక్కనున్న కుర్రవానివైపు తిరిగి, 'ఆ తరువాత ఏమైందో చెప్పు నాయనా' అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో పందిరిలోని పిల్లలందరూ కథలో భాగస్వాములవుతారు. నెల్లూరులో ఈ విద్యను నిలిపినవారిలో శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తిగారు ఒకరు. ఆయన కుమారుడు బాలసుబ్రహ్మణ్యంగారు చలనచిత్ర గాయకులుగా లోకమంతటికీ తెలిసినవారే. ఆ గాయకుడు యాభయ్యో ఏట, 1996లో, 'పాడుతా తీయగా' అనే దూరదర్శన కార్యక్రమం ఆరంభించి, చిన్నవారిని ఎదుట నిలబెట్టి పాడించినారు. పాట ముగియగానే మార్కులు చెప్పి ఊరుకోలేదు. ఆ పాట పుట్టిన సందర్భం చెప్పేవారు. కవి ఆ మాటనే ఎందుకు వేసినాడో చెప్పేవారు. ఒత్తు జారినచోట సరిదిద్దేవారు. 2020లో కన్నుమూసేదాకా ఆ పని విడువలేదు. తండ్రి హరికథలో చేసినదానిని కొడుకు మరొక వేదికమీద, మరొక తీరున చేసినాడని మేము అనుకొంటాము.

పరదేశాలకు పోనక్కరలేదు గాని, పొరుగు ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెప్పుకోవలె. రవీంద్రనాథ ఠాకూరు రెండువేలకు పైగా పాటలు కట్టి వరుసలు కూర్చిన సంగీతకారుడు. ఆయన 1901లో శాంతినికేతనంలో బడి పెట్టినారు. 1903లో 'శిశు' అనే గేయసంపుటి వెలువరించినారు. 1930లో, డెబ్బయ్యో పడికి చేరువై, వంగదేశపు పసివారికి 'సహజ్ పాఠ్' అనే మొదటి వాచకం వ్రాసినారు. విశ్వకవి అనిపించుకొన్నవాడు అక్షరాలు నేర్పే పుస్తకానికి కూర్చున్నాడంటే, ఆ పని ఎంతటిదో మనం గ్రహించవలె. ఆ శాంతినికేతనంలో చదివినవారు నెల్లూరుజిల్లా బుచ్చిరెడ్డిపాళెంవారైన బెజవాడ గోపాలరెడ్డిగారు. ఆంధ్రరాష్ట్రానికి ముఖ్యమంత్రిగాను, 1962లో కేంద్రంలో సమాచార, ప్రసార శాఖల మంత్రిగాను పనిచేసిన ఆయన, రవీంద్రుని రచనలను ఎంతో ఇష్టంతో తెనిగించినారు. రవీంద్రుని వాణి నెల్లూరు మట్టికి చేరిన దారులలో అది ఒకటి.

ఇక మా రేడియో సంగతి. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైనది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చేదాకా కోస్తా తెలుగువారికి ప్రసారమంటే మద్రాసే. నెల్లూరు తీరానికి అది దగ్గరి పొరుగు కూడాను. అక్కడనుండి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమం నడిపి, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పేర్లతో ఇంటింటివారైనారు. 1945లో 'బాల' అనే పత్రిక కూడ నడిపినారు. వారు పిల్లలను వెంటబెట్టుకొని పాటవైపు వచ్చినవారు. పాటను వెంటబెట్టుకొని పిల్లలవైపు వచ్చినవారు బాలాంత్రపు రజనీకాంతరావుగారు.

రజనిగారు 1920లో నిడదవోలులో జన్మించినారు. వేంకట పార్వతీశ కవులలో ఒకరైన బాలాంత్రపు వేంకటరావుగారు ఆయన తండ్రి. ఇంట్లో కవిత్వం, చెవిలో సంగీతం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువు: ఈ మూడూ కూడినవాడు 1941లో మద్రాసు రేడియో కేంద్రంలో చేరినాడు. స్వతంత్రం వచ్చిన 1947 ఆగస్టు 15న మద్రాసు కేంద్రం ప్రసారం చేసిన తెలుగు స్వాతంత్ర్యగీతం ఆయన కట్టినదే. టంగుటూరి సూర్యకుమారిగారు పాడినారు. లలితసంగీతమనే శాఖకు తెలుగులో రూపురేఖలు దిద్దినవారిలో ఆయన ముఖ్యులు. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' అనే పెద్ద శాస్త్రగ్రంథం వ్రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందినారు. తరువాత విజయవాడ కేంద్రానికి సంచాలకులైనారు. 2018లో, తొంబదెనిమిదేళ్ల నిండు వయస్సులో, విజయవాడలోనే పరమపదించినారు. ఇంతటి పండితుని గ్రంథాల జాబితాలో 'శతపత్రసుందరి'కి, వాగ్గేయకార చరిత్రకు పక్కనే 'జేజిమామయ్య పాటలు' అనే పిల్లల పాటల పుస్తకం కూడ ఉన్నది. అన్నమయ్య, క్షేత్రయ్యల పోకడలు విచారించిన కలమే పసివారికి పాట కట్టింది. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే రజనిగారు పూర్తిగా కనబడుతారని మా ఉద్దేశం.

మరి గాయకుడు ఈ బాట పట్టినప్పుడు ఏమి విడువవలె, ఏమి కొత్తగా నేర్వవలె? మొదట విడువవలసినది తన శ్రుతి. మగవారు ఒకటి శ్రుతికి పాడుకొన్న పాటను పిల్లలచేత అదే శ్రుతిలో పాడిస్తే గొంతు లోపలికి పోతుంది. పసిగొంతుకు నాలుగున్నర, అయిదు శ్రుతి కావలె. రెండవది స్థాయి. మూడు స్థాయిలలో విహరించే అలవాటు మాని, షడ్జమంనుండి ధైవతందాకా ఉన్న చిన్న వాకిట్లోనే ఆడుకోవలె. మూడవది గమకం. అక్షరానికొక స్వరం చొప్పున నిలకడగా పలికించి, ఎక్కడో ఒక్కచోట చిన్న ఊపు ఇస్తే చాలు. నాలుగవది సమాసం. రెండు మాటలు కలిసేచోట పిల్లవాడు ఆగి ఆలోచించవలసి వస్తే, అక్కడే తాళం తప్పుతుంది. ఇవన్నీ విడిచిన తరువాత గాయకుని దగ్గర మిగిలేదేమిటి? శ్రుతిశుద్ధి, లయ, మాట. ఈ మూడూ శుద్ధంగా లేకుంటే దాచుకొనేందుకు పిల్లలపాటలో చోటు లేదు. కచేరీలో ఒక సంగతి తొణికితే మరొక సంగతితో కప్పవచ్చు. నాలుగు స్వరాల పాటలో కప్పడానికి గుడ్డే లేదు. అందుకే ఇది సులువైన విద్య అనడానికి మాకు మనసొప్పదు.

మాటను గురించి మరికొంత చెప్పవలె. ఉదాహరణకు సముద్రపుటిసుకలో బొరియ తవ్వుకొనే చిన్న ప్రాణిని తీసుకొందాము. కృష్ణా గోదావరి తీరాలలో దానిని పీత అంటారు. నెల్లూరు సీమలో దాని పేరు ఎండ్రకాయ. పట్నపు గాయకుడు పుస్తకంలో చూచి పీత అని పాట కడితే పాళెంలో పిల్లవాడు నేర్చుకొంటాడు గాని, అది తన ఇసుకమీద పరుగెత్తే ప్రాణి అని అతనికి తట్టదు. ఎండ్రకాయ అన్న మాటను లెక్కపెట్టి చూడండి. మూడు మాత్రలు, మూడు మాత్రలు: ఆరు. త్రిశ్రగతి ఆ మాటలోనే ఉన్నది, గాయకుడు తెచ్చిపెట్టనక్కరలేదు. నమూనాకు మేము నాలుగు చరణాలు కూర్చినాము:

ఎండ్రకాయ, ఎండ్రకాయ
ఇసుకలోన ఇల్లు కట్టె
నీరు వచ్చె, నీరు పోయె
ఇల్లు ఏది, ఎండ్రకాయ?

ఇందులో పండితులు మెచ్చేది ఏమీ లేదు. మోహన రాగపు అయిదు స్వరాలు చాలు. రెండు చేతులు తట్టుతూ పాడవచ్చు. కాని చివరి చరణంలో ఒక ప్రశ్న ఉన్నది. ఆ ప్రశ్న అడిగి గాయకుడు ఆగవలె. ఆగగానే పిల్లలు ఊరుకోరు. 'మళ్లీ కట్టుకొంటుంది' అని ఒకడంటాడు. 'ఇంకా పైన కట్టుకొంటుంది' అని ఒక అమ్మాయి అంటుంది. 'అల దాని అమ్మమ్మ ఇంటికి తీసుకొనిపోయింది' అని అందరికన్న చిన్నవాడు అంటాడు. పాట అక్కడ కథగా మారుతుంది. గాయకుడు కథకుడయ్యే క్షణం అదే. కథ చెప్పడం నేర్చుకొని అతడు ఈ పనికి రాలేదు. పాటను ఆపి, పిల్లలు చెప్పేది విని, వారు చెప్పినదానికి మరొక చరణం కట్టవలసి వచ్చినందున కథకుడైనాడు. హరికథకుడు పందిట్లో చేసినది, రేడియో అన్నయ్య స్టూడియోలో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని చేసినది ఇదే.

మైక్రోఫోను ముందు ఈ పనికి మరొక నియమం ఉన్నది. శ్రోతకు మా ముఖం కనబడదు. చేతులు తిప్పి అలను చూపలేము. శబ్దంతోనే చూపవలె. అదృష్టవశాత్తు తెలుగులో శబ్దాన్ని అనుకరించే మాటలకు కొదువ లేదు. గలగల, జలజల, కిలకిల, బుడుంగు, తపతప: ఈ మాటలలో అర్థమూ, తాళమూ, బొమ్మా ఒకచోటనే ఉన్నవి. వాద్యబృందం చేయవలసిన పనిలో సగం వీటిచేత చేయించుకోవచ్చు.

పిల్లల పాట వినోదంతో సరిపోతుందని ఎవరైనా అనుకొంటే, వారికి ఒక దూరదేశపు వృత్తాంతం చెప్పవలసి ఉన్నది. ఇండొనీసియాలో సుమత్రా దీవికి పడమట సిమెలూయే అనే చిన్న దీవి ఉన్నది. 1907లో అక్కడ భూమి కంపించి, సముద్రం వెనుకకు పోయి, తిరిగి గోడవలె వచ్చి ఎందరినో పొట్టబెట్టుకొన్నది. బ్రతికినవారు ఆ ఉపద్రవానికి 'స్మోంగ్' అని పేరు పెట్టి, దానిని కథలలోను, జోలపాటలలోను చేర్చినారు. భూమి గట్టిగా కంపించి సముద్రం వెనుకకు తగ్గితే ఆలోచించక కొండెక్కవలెనని ఆ పాటల సారాంశం. తొంబదేడేండ్లు గడిచినవి. 2004 డిసెంబరు 26న భూకంప స్థానానికి అతి చేరువలో ఉన్నది ఆ దీవే. ఎవరూ హెచ్చరిక పంపలేదు. పంపేందుకు వ్యవధి లేదు. దీవివారు పాట గుర్తుకు తెచ్చుకొని మెట్టలెక్కినారు. సుమారు డెబ్బదెనిమిదివేల జనంలో పోయినవారు ఏడుగురే. పక్కనే ఉన్న సుమత్రా తీరంలో లక్షకు పైగా జనం మరణించినారు.

ఆనాటి అలలే నెల్లూరు తీరాన్ని కూడ తాకి, ఇక్కడా ప్రాణాలు తీసినవి. తుపానులకు ఈ తీరం ఎన్నడూ కొత్త కాదు. హెచ్చరికలకు ఇప్పుడు ఉపగ్రహాలున్నవి, చరవాణులున్నవి. అవన్నీ కావలసినవే. కాని హెచ్చరిక విన్న మనిషి కాలు కదపవలెనంటే, ఆ భయం తెలివిగా చిన్ననాడే లోపల కూర్చొని ఉండవలె. అట్లా కూర్చోబెట్టగల సాధనం జోలపాటకన్న మరొకటి కనబడదు. మన ఎండ్రకాయ పాటకే మరి రెండు చరణాలు చేర్చి చూడండి:

నీరు చాల దూరమాయె
మెట్ట కెక్కె ఎండ్రకాయ

ఇప్పుడది ఆటపాటే, పిల్లవాడు నవ్వుతూ పాడుతాడు. ఎప్పుడో ఒకనాడు సముద్రం వేళకాని వేళ దూరంగా పోయి, ఒడ్డున చేపలు తళతళలాడుతుంటే, ఏరుకొనడానికి పరుగెత్తేవానికి ఆ చరణం అడ్డం రావచ్చు. అంతకన్న పాటకు ఫలమేమున్నది?

ఈ పనికి ఇప్పుడే పూనుకోవలసిన మరొక కారణం కూడ ఉన్నది. ఈ తీరంలో పాట పనితోపాటు పుట్టింది. పని మారితే పాటా పోతుంది. ఒకప్పుడు బకింగుహాం కాలువలో పడవలమీద ఉప్పు, శ్రీహరికోట కట్టెలు మదరాసుకు పోయేవి. తాళ్లతో పడవను ఒడ్డునుండి లాగేవారికి ఊపిరి కలిసేందుకు పాట కావలసి వచ్చేది. ఇప్పుడా రవాణా లేదు. ఆ పదాలు పాడేవారూ అరుదు. పడవలకు ఇంజనులు వచ్చినవి. చేతులకు శ్రమ తగ్గింది, సంతోషమే. కాని వల లాగేటప్పుడు ఒకరు ఎత్తుకొంటే పదిమంది అందుకొనే పాటకు పని తగ్గింది. ఆ పాటతోపాటు గాలులపేర్లు, చేపలపేర్లు, పోటు గుర్తులు కూడ జారిపోతున్నవి. పాళెంలోని పసివాడు బడిలో ఎన్నడూ చూడని మంచును గురించి పాట వల్లిస్తాడు. తాత నోట ఆడిన గాలిపేరు మాత్రం ఎరుగడు.

పోయినవాటిని తలచి వగవడం మా ఉద్దేశం కాదు. కొత్త పాటకు కొత్త వస్తువులూ ఈ తీరంలోనే ఉన్నవి. శ్రీహరికోటనుండి 1971 మొదలు రాకెట్లు ఎగురుతున్నవి. నేలపట్టు చెరువు చెట్లమీద ఏటేటా గూడబాతులు వచ్చి పిల్లలను పెట్టుకొంటవి. పులికాటులో ఎర్రరెక్కల కొంగలు వేలసంఖ్యలో వాలుతవి. ఈ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరినది గాని, పక్షులకు జిల్లాలతో పనిలేదు. పెద్దపక్షికి బెదరని గూడబాతు పిల్ల, నేల అదిరేట్లు ఉరిమి ఆకాశానికి పోయే రాకెట్టును చూచి తల్లిని ఏమని అడిగి ఉంటుంది? గాయకుడు ఈ ప్రశ్నను పిల్లలముందు పెడితే చాలు, కథ సగం వారే చెప్పుతారు.

కనుక ఈ తీరంలో సంగీతం నేర్చినవారికి మా మనవి ఒకటి ఉన్నది. నెలకు ఒక సాయంత్రం పాళెంలోని బడికి పోండి. శ్రుతిపెట్టె ఒక్కటి ఉంటే చాలు. మొదటినాడు పాడకండి, వినండి. పిల్లలు ఆటలో ఏ మాటలను తాళంమీద పలుకుతున్నారో గుర్తుంచుకోండి. ముసలమ్మల దగ్గర కూర్చొని జోలపాటలు, చేపలపేర్లు అడిగి వ్రాసుకోండి. ఈనాడు ప్రతివారి చేతిలోనూ శబ్దం పట్టే యంత్రమున్నది. రెండవనాడు ఆ మాటలతోనే నాలుగు చరణాలు కట్టి, చివర ఒక ప్రశ్న పెట్టి, ఆగండి. మూడవనాటికి మీకు కథ దొరుకుతుంది. నాలుగవనాటికి పిల్లలే మీకు ఎదురువచ్చి, మీరు కట్టిన పాటను మీరు కట్టని చరణాలతో పాడి వినిపిస్తారు. అప్పుడు ఆ పాట మీది కాదు, వారిది. కట్టినవాని పేరు మరచి పాటను మాత్రం గుర్తుంచుకొనే శ్రోతలు పిల్లలే. వారిముందు పాడడానికి నెల్లూరు గాయకులు సిగ్గుపడనక్కరలేదు. త్యాగయ్యగారు పడలేదు, రజనిగారు పడలేదు.